తలుపు వెనక హాజరు

1944 జూలై 3, సోమవారం

ఈ పుస్తకం ఎవరికీ చూపించేది కాదు. బడిలో అనలేనివి, ఇంట్లో అననివ్వనివి ఇందులో రాసుకుంటాను. వదిన కంట పడితే చాకలి పద్దు రాసేస్తుంది కాబట్టి బియ్యం డబ్బా వెనక దాస్తున్నాను.

బడిలో చేరి రెండు వారాలు. నాంపల్లి స్టేషను వెనక సందులో కిరాయి పెంకుటిల్లు, రెండు గదులు, ఒక వసారా. ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి ఈ వైపు ఇంకొకటి లేదు. చేరేటప్పుడు ఎంత పొంగిపోయాను! ఒక్కో పిల్ల ఒక్కో దీపం అనుకున్నాను. ఈరోజు పది గంటలకు గంట కొట్టి దీపాలు లెక్కపెడితే ఇరవై ఎనిమిది. రిజిస్టరులో పేర్లు నలభై ఆరు.

మిగతా పద్దెనిమిది మంది ఏరి? కంట్రోలు దుకాణం ముందు లైనులో. తల్లులు కూలికి పోతారు, జొన్నల కోసం పిల్లలు నిలబడతారు. అది నాకూ తెలుసు, ఆ కోపం నాకూ ఉంది. కానీ మా పెద్ద పంతులమ్మ విద్యావతమ్మగారు చేసేదేమిటి? లేని పిల్ల పేరుకు ఎదురుగా పెన్సిలుతో ఒక చుక్క పెడతారు. హాజరు కాదు, గైరుహాజరు కాదు. చుక్క! నెలాఖరున ఆ చుక్కలన్నిటి మీదా తానే కూర్చుని సిరా పెడతారట.

"ఇది అబద్ధం కాదా అమ్మగారూ?" అన్నాను.

"ఇంకా ఏదీ కాలేదు శశీ. అందుకే చుక్క," అని నవ్వారు.

పదహారేళ్ళుగా బడి నడుపుతున్న మనిషి. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

తలుపు రెండు రెక్కల వెనకా సుద్ద గీతలు, గీతల పక్కన వంకర టింకర పేర్లు. తడిగుడ్డతో తుడిపిస్తానన్నాను. "ఉండనీ. అవి పిల్లల పని," అన్నారు. శుభ్రం లేదు, నిజం లేదు.

జూలై 4

చుక్కలు పదిహేడు.

జూలై 7, శుక్రవారం

ఇక్కడ బళ్ళకు శుక్రవారమే సెలవు. అబిడ్సు పోయి పెద్ద పోస్టాఫీసు ముందు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల ముసలాయన దగ్గర రెండు కరపత్రాలు తెచ్చుకున్నాను. ఒకదానికి చివరి పేజీ లేదు. లేకపోయినా అర్థం తెలుస్తూనే ఉంది: అబద్ధం పునాది మీద కట్టిన సంస్థ ప్రజలది కాదు. కింద గీత గీశాను.

అన్న అదే పోస్టాఫీసులో గుమాస్తా, బయటికి వస్తూ చూశాడు. "ఏందే శశికళా, గీ కాయితాలు చదివి చదివి ఒకనాడు మా డబ్బాల ఉత్తరాలకు గూడ తప్పులు దిద్దుతవ్," అన్నాడు. తప్పులుంటే దిద్దాల్సిందే.

జూలై 12

పదకొండు గంటలకు జంగమ్మ వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల, నల్లగొండ వైపు నుంచి వచ్చిన కూలి కుటుంబం. వీరమ్మ అనే ఆమె కూతురు. నెత్తిన ఖాళీ సంచి కప్పుకుని, చెమటతో లోపలికి వచ్చి, తలుపు వెనక ఏదో గెలికి, చాప మీద కూలబడింది.

"ఇది బడి అనుకున్నావా, సత్రం అనుకున్నావా?" అన్నాను.

"లైను జరగలే పంతులమ్మా. రాయి వెట్టొచ్చిన. రెండు గొట్టంగ మల్ల పోవాలె."

"రాయేమిటి?"

పిల్లలందరూ నవ్వారు, ఈ పంతులమ్మకు ఇదీ తెలియదా అన్నట్టు. లైనులో తన చోట ఒక రాయి పెట్టి రావచ్చట. ఎవరూ దాన్ని జరపరట. "రాయి ఉన్నదంటె మనిషి ఉన్నట్టే," అంది జంగమ్మ, నాకు పాఠం చెబుతున్నట్టు.

అంటే అక్కడ రాయి, ఇక్కడ చుక్క, మనిషి ఎక్కడా లేదు! ఆ మాట గట్టిగానే అన్నాను. విద్యావతమ్మగారు పక్క గదిలోంచి వచ్చి ఆ పిల్లకు మంచినీళ్ళు ఇచ్చి, పలక చేతిలో పెట్టి వెళ్ళారు. పిల్లల ముందు నన్ను చిన్నబుచ్చినట్టే కదా.

జూలై 13

ఈరోజు ఆవిడ నన్ను కూర్చోబెట్టి చెప్పారు. సర్కారు ఇచ్చే ఇమ్దాదు మీదనే ఈ ఇంటి కిరాయి, మా ఇద్దరి జీతాలు. దానికి ఒక్కటే షరతు: ఎండాకాలం సెలవులు పోను ఆరు నెలల సగటు హాజరు నలభైకి తగ్గకూడదు. ఇప్పటికి ఐదు నెలలూ నలభై ఒకటి చొప్పున వచ్చింది. ఈ జూలైతో ఆరు నిండుతాయి. తగ్గితే ఇమ్దాదు పోతుంది, ఇమ్దాదు పోతే బడి పోతుంది.

"అయితే నిజం రాద్దాం. పిల్లలు తిండిగింజల కోసం లైనులో ఉన్నారని రాద్దాం. సర్కారు సిగ్గుపడాలి," అన్నాను.

"రాస్తం. ఏడ రాయాలె?" అని రిజిస్టరు నా ముందుకు తోశారు. "హాజరు, గైరుహాజరు. రెండే రాతలు. నీ నిజానికి మూడో గడి ఉంటే చూపెట్టు బిడ్డా. గా తలుపు వెనక..."

"తలుపు సంగతి తర్వాత అమ్మగారూ!" అన్నాను. గడి లేకపోతే గడి గీయాలి. ఈ తరం వాళ్ళకు లొంగిపోవడం అలవాటైపోయింది.

జూలై 27

హనుమకొండలో వాళ్ళక్క పోయిందని తంతి. మధ్యాహ్నం బండికి విద్యావతమ్మగారిని నాంపల్లి స్టేషనులో ఎక్కించాను. ఏడవలేదు. కిటికీలోంచి బీరువా తాళం నా చేతికి ఇచ్చి, "నెలాఖరుకు వస్త. చుక్కలు ముట్టకు," అన్నారు. అక్క చనిపోయిన మనిషికి ఆ క్షణంలో చుక్కలు గుర్తున్నాయి!

జూలై 29

జంగమ్మ ఈరోజు పదకొండున్నరకు వచ్చింది. బయటికి పంపాను. బడి అంటే ఒక వేళ ఉంటుందని ఎవరో ఒకరు నేర్పాలి.

జూలై 31

విద్యావతమ్మగారు రాలేదు. ఒకటో తారీఖుకు నెల లెక్క విద్యాశాఖ దఫ్తరులో ఉండాలి. ఎవరో ఒకరు చేయాలి కదా.

చేశాను. మొదటి తారీఖు నుంచి మొదలుపెట్టి ప్రతి చుక్క మీదా సిరాతో గైరుహాజరు రాశాను. పది గంటలకు లేనివాళ్ళు లేనట్టే. నెల సగటు ఇరవై తొమ్మిది. ఆ అంకె చూసి ఒక్క క్షణం... కానీ అది నిజమైన అంకె. ఇరవై తొమ్మిది అని చదివినప్పుడైనా ఆ దఫ్తరులో ఎవరో ఒకరు కుర్చీలోంచి లేస్తారు, ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పడానికి నేనున్నాను.

నెల లెక్క కాగితం మీద బడి మొహరు వేసి, అబిడ్సు పోస్టాఫీసులో నా చేత్తోనే వేసి వచ్చాను.

నేను చేసింది న్యాయమే.

ఆగస్టు 3

విద్యావతమ్మగారు వచ్చారు. వచ్చి రిజిస్టరు తీశారు. జూలై పేజీ చూశారు. మూశారు. లేచి తలుపు వెనక్కి వెళ్ళి చాలాసేపు నిలబడ్డారు. నేను చెప్పడం మొదలుపెట్టాను, ఒకటో తారీఖు గురించి, నిజం గురించి.

అంతా విని, "పంపినవా?" అన్నారు.

"పంపాను."

కుండలోంచి గ్లాసు నీళ్ళు ముంచుకుని, తాగకుండా పట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం దాకా ఆ గ్లాసు కిటికీలోనే ఉంది.

తిడితే బాగుండేది. తిడితే జవాబు చెప్పేదాన్ని.

ఆగస్టు 4

ఆరు నెలల సగటు వేసి చూశాను. ముప్పై తొమ్మిది.

ఆగస్టు 5

మళ్ళీ వేశాను. ముప్పై తొమ్మిదే.

ఆగస్టు 9

జంగమ్మ రావడం లేదు. ఆమెతో వచ్చే ఇద్దరు పిల్లలు కూడా రావడం లేదు. నిన్న హాజరు ముప్పై నాలుగు. ఈరోజు ముప్పై మూడు. నేను గంట కొట్టగానే తలుపు దగ్గరికి వెళ్ళి సందు చివరిదాకా చూస్తున్నాను. ఆలస్యంగా వచ్చినా ఏమీ అనను. అననని ఎవరికి చెప్పాలి?

బ్లేడుతో సిరా గీకేద్దామా అన్నాను విద్యావతమ్మగారితో. అవును, నేనే అన్నాను. ఆవిడ నా వైపు వింతగా చూశారు. "గీకినకాడ కాయితం పలచబడ్తది శశీ. ఎండకు పెడితే కనపడ్తది. గంతకంటె నీ అంకెనే నయం." నీ అంకె అన్నారు.

ఆగస్టు 18, శుక్రవారం

సెలవు కదా అని స్టేషను అవతల గుడిసెల్లోకి వెళ్ళాను. పిల్లల్ని అడిగి తేవాలని. నా దగ్గర మాటలు చాలా ఉన్నాయి, విద్య గురించి, స్త్రీల గురించి. దారి పొడుగునా వల్లె వేసుకున్నాను.

వీరమ్మ గూడ్సు షెడ్డు దగ్గర బొగ్గు తట్టలు మోస్తుంది. ముఖమంతా బొగ్గు, కళ్ళు మాత్రం తెల్లగా. నా ఉపన్యాసం సగం దాకా విని తట్ట కింద పెట్టింది.

"మంచిగ చెప్తున్నవ్ పంతులమ్మా. మీ బడిల కూసుంటె జొన్నలిస్తరా?"

"జొన్నలకంటే..."

"జొన్నలకంటె పెద్దది ఏదో ఉన్నదని నాకూ ఎరుకనే. లేకుంటె రాయి వెట్టి ఉరుకమని పిల్లకు ఎందుకు చెప్త? లైనుల కెల్లి మీ బడికి, మీ బడికెల్లి లైనుకు. పోరి కాళ్లు సూసినవా ఎన్నడన్న? సూడలే. చెయ్యి వట్టుకున్నవ్." గుడిసెలోకి కేక వేసింది. "ఓ జంగీ, ఇటు రా. చెయ్యి సూపెట్టు మీ పంతులమ్మకు."

జంగమ్మ రాలేదు. తడిక వెనక ఒక కాలు కనిపించింది. వెనక్కి జరిగింది.

చేయి పట్టుకున్న మాట నిజమే. బయటికి పంపేటప్పుడు పట్టుకున్నాను. అంతకంటే ఏమీ లేదు.

ఆగస్టు 19

గాజు పగిలింది. రక్తం వచ్చింది. అది అప్పుడే రాయాల్సింది.

సెప్టెంబరు 14

ఇన్‌స్పెక్టర్ సాహెబ్ వచ్చారు. ఈ రోజు మొత్తం రాయాలి. రాయకపోతే రేపటికి మార్చి గుర్తుపెట్టుకుంటాను, నా సంగతి నాకు తెలిసిపోయింది.

నెరిసిన గడ్డం, షేర్వానీ, చేతిలో గొడుగు. నేను ఊహించుకున్న రాక్షసుడు కాదు. పిల్లల చేత ఎక్కాలు చెప్పించారు, ఒక చిన్నపిల్ల పదమూడో ఎక్కం గడగడా చెబితే "షాబాష్! నాకు గూడ రాదు," అని నవ్వించారు. తరువాత రిజిస్టరు తెప్పించుకుని వేలితో పేజీలు దాటారు. నలభై ఒకటి, నలభై ఒకటి, నలభై ఒకటి. జూలై దగ్గర వేలు ఆగింది.

"ఇరవై తొమ్మిది? క్యా హువా విద్యావతిగారూ? మళ్ల ప్లేగు వచ్చిందా మీ గల్లీల?"

విద్యావతమ్మగారు లేచి, "జర ఇటు రండి సాబ్," అని తలుపు దగ్గరికి తీసుకువెళ్ళారు. ఎడమ రెక్క మూసి వెనక వైపు చూపించారు. ఆ రెక్క జూలై నుంచి ఎవరూ తుడవలేదు. ఆగస్టు నుంచి కుడి రెక్క మీద గీస్తున్నారు. మామూలుగా ఒక నెల అటు, ఒక నెల ఇటు; ఈసారి ఎడమ రెక్కను మాత్రం అమ్మగారు తుడవనివ్వలేదట.

అప్పుడు నేనూ చూశాను. మూడు నెలలుగా నా కళ్ళ ముందున్న దాన్ని మొదటిసారి చూశాను.

లైనులోంచి ఆలస్యంగా వచ్చిన పిల్ల తలుపు వెనక తన పేరు పక్కన ఒక సుద్ద గీత గీసుకుంటుంది. వచ్చిన రోజుకొక గీత. రాని రోజు గీత ఉండదు. నెలాఖరున విద్యావతమ్మగారు రిజిస్టరు ఒడిలో పెట్టుకుని తలుపు ముందు కూర్చుని, గీత ఉన్న చుక్కకు హాజరు, గీత లేని చుక్కకు గైరుహాజరు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. గీతల కింద చిన్న అంకెలతో తారీఖులు కూడా ఉన్నాయి.

నేను అబద్ధమన్నది అది. నేను నిజమన్నది, వచ్చిన పిల్లల్ని రాలేదని రాయడం.

సాహెబ్ కళ్ళజోడు పెట్టుకుని వంగి ఒక్కో గీతా వేలితో లెక్కపెట్టారు. "ఈ బిడ్డ పందొమ్మిది రోజులు వచ్చింది. ఏం పేరు? జంగమ్మ. రిజిస్టర్ల?" రిజిస్టరులో జంగమ్మ వరస మొదటి నుంచి చివరిదాకా గైరుహాజరు. నా సిరా, నా దస్తూరి. వంకర లేకుండా ఎంత చక్కగా రాశానో.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పదకొండు గంటలకు పిల్లలు ఉరికొచ్చుడు నాకు ఎరుక లేదనుకున్నరా? చుక్కలుంటే నేను ఇక్కడనే కూర్చుని, తలుపు చూసి, దస్తఖత్ పెట్టి పోదును. ఇప్పుడు సిరా పడ్డది. మొహరు పడ్డది. మీరే పంపిన్రు. నేనేం చెయ్యాలె? తలుపు ఊడబెరికి దఫ్తరుకు మోసుకపోవాలెనా?"

ఆయన మళ్ళీ రిజిస్టరు వైపు తిరిగారు.

"ఎవరి దస్తూరి ఇది?"

ప్రతి విషయానికీ నోరు లేచే నాకు ఆ క్షణంలో దగ్గు వచ్చింది.

"బడి నాది సాబ్. దస్తూరి నాదే అనుకోన్రి," అన్నారు విద్యావతమ్మగారు.

దగ్గు కాదు. దగ్గు రాలేదు. ఊరికే నిలబడ్డాను.

సెప్టెంబరు 15

కరపత్రాలు పొయ్యిలో పెట్టాను. వదిన సౌభాగ్య, "ఏంది శశీ, కట్టెలు చాలలేదా?" అంది. వాటి తప్పేముంది. వాటిలో ఎక్కడా పిల్ల చేయి పట్టుకోమని లేదు, తలుపు వెనక చూడొద్దని లేదు.

సెప్టెంబరు 20

దఫ్తరుకు వెళ్ళాను. దస్తూరి నాదని చెప్పాను. అక్కడి గుమాస్తా పాన్ నములుతూ ఓపికగా విన్నాడు. "ఎవరు రాసింది అని ఎవరూ అడుగతలేరమ్మా. ఎంత రాసింది అని అడుగుతున్నరు. ముప్పై తొమ్మిది. అయిపాయె."

"పిల్లలు వచ్చారండీ. నేను తప్పు రాశాను."

"అట్లనే అందరూ అంటరు, తక్కువ రాసినమని ఇప్పటిదాక ఎవరూ అనలే. నువ్వే ఫస్టు." నవ్వుతూనే ఒక అర్జీ తీసుకున్నాడు. నా కళ్ళ ముందే ఒక కట్ట కింద పెట్టాడు. ఆ కట్ట మీద దుమ్ము ఉంది.

అక్టోబరు 2

ఉత్తర్వు వచ్చింది. సర్కారు ఫస్లీ లెక్కలో ఆజూరు నెల మొదటి తారీఖు నుంచి, అంటే ఈ వారంలోనే, ఇమ్దాదు బంద్. పిల్లల్ని ఖైరతాబాదు వైపు బడిలో చేర్పించుకోవచ్చునట. రెండు మైళ్ళు. రాయి ఇక్కడ పెట్టి, ఖైరతాబాదు పరుగెత్తి, మళ్ళీ రెండు గంటలకు లైనుకు రావాలి.

అక్టోబరు 5

ఆఖరి రోజు. పదకొండు మంది వచ్చారు. చాపలు చుట్టాం. ఇంటాయన మనిషి వచ్చి గోడలకు సున్నం వేయిస్తానన్నాడు. తలుపులకు కూడా రంగట. ఎడమ రెక్క ముందు నిలబడి ఒకసారి చదువుకున్నాను, పేరు పేరునా.

విద్యావతమ్మగారు రేపు హనుమకొండ వెళ్ళిపోతున్నారు, అక్క పిల్లల దగ్గరికి. కాళ్ళ మీద పడదామనుకున్నాను. పడనివ్వలేదు. "నీకు చెప్పకపోవుడు నా తప్పే శశీ. చెప్పబోతె వినకపోవుడు నీది. ఇద్దరం కలిసి మూసినం, నడువ్," అన్నారు. బీరువా తాళం చెవి ఇంకా నా దగ్గరే ఉంది. బీరువా అమ్మేశారు.

అక్టోబరు 11

వదినకు జ్వరం. జొన్నలకు నన్ను పంపింది. అబిడ్సు పోయే దారిలో ఉన్న కంట్రోలు దుకాణం. ఆరు గంటలకు వెళ్ళి, మసక వెలుతురులో ఎవరినీ గమనించకుండా లైనులో నిలబడ్డాక చూసుకుంటే కార్డు తేలేదు. ఇంటికి పరుగెత్తాను. అరగంటలో తిరిగి వచ్చేసరికి లైను మలుపు తిరిగిపోయింది. మనుషుల మధ్య రాళ్ళు, ఇటుక ముక్కలు, అడుగు పోయిన చెంబు. తల వంచుకుని చివరికి నడుస్తున్నాను.

"పంతులమ్మా! గాడ కాదు. గీడికి రా."

జంగమ్మ. ఆమె ముందు ఇద్దరూ మా బడి పిల్లలే. వెనక ముగ్గురు. ఇంకా వెనక ఇంకా ఉన్నారు. నా రిజిస్టరు సగం అక్కడే ఉంది, వరసలో, పొద్దున ఆరు గంటల నుంచి, ఒక్కరూ ఆలస్యం కాకుండా.

జంగమ్మ పక్కన నేల మీద గుప్పెడంత నల్లరాయి. వెనక నిలబడ్డ ఆడమనిషి ఒకామె దాన్ని కాలితో చూపిస్తూ, "ఎవలదే గీ రాయి? అప్పటికెల్లి చూస్తున్న, మనిషి లేదు గినిషి లేదు," అంటోంది.

"మా పంతులమ్మది. కార్డుకు పోయింది. అస్తదని చెప్తనే ఉన్న గద!"

"రాయి ఉన్నదంటె మనిషి ఉన్నట్టే, ఊకోరాదు," అన్నాడు వెనకనుంచి ఒక తాత.

ఆమె కాలు వెనక్కి తీసుకుంది. నేను రాయి తీసి ఆ చోట నిలబడ్డాను. జంగమ్మ చేయి నా చేతికి తగులుతూ ఉంది. మణికట్టు మీద తెల్లటి గీత. గాజులు రెండో చేతికే ఉన్నాయి.

లైను ఒక అడుగు జరిగాక అడిగింది. "బడి మల్ల ఎప్పుడు వెడ్తరు పంతులమ్మా?"

రాయిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"నా పేరు ఉన్నదా, కొట్టేసినవా?"

"ఉంది," అన్నాను.

రాయి ఇంటికి తెచ్చుకున్నాను. బియ్యం డబ్బా వెనక పెట్టాను.

అక్టోబరు 12

1944 జూలై. జంగమ్మ. పందొమ్మిది రోజులు హాజరు.

సిరాతో రాశాను. దస్తూరి నాది.